ప్లేఆఫ్స్ మధ్యలో స్టార్టింగ్ ఫైవ్‌ను మార్చడం: తెలివా, కంగారా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 2015 ఫైనల్స్‌ (ఏడు ఆటల సిరీస్, ముందు నాలుగు గెలిచినవాళ్ళదే టైటిల్) మధ్యలో వారియర్స్ కోచ్ స్టీవ్ కెర్ పొడగరి బోగట్‌ను కూర్చోబెట్టి అతనికంటే పొట్టి ఇగ్వొడాలాను దింపితే మేధావి అన్నారు. 2016 ఫైనల్స్ గేమ్ 7లో పొడగరి ఎజీలీని దింపితే అదే మనిషిని తిట్టిపోశారు. అంటే గెలిస్తే తెలివి, ఓడితే తప్పు, అంతేనా? అంతా అదృష్టమేనని మీ స్నేహితుడు వాదిస్తున్నారు, మీరు ఒప్పుకోవడం లేదు.

ఈ వాదనలో నేను మీ వైపే, అయితే మీరు చెప్పిన కారణంతో కాదు. ఇగ్వొడాలా బోగట్ కంటే బాగా ఆడాడు కాబట్టి ఆ మార్పు సరైనది అని మీరు రాశారు. అలా కొలిస్తే మీ స్నేహితుడే గెలుస్తారు, ఎందుకంటే ఎవరు బాగా ఆడతారో ఆటకు ముందు ఏ కోచ్‌కీ తెలియదు. కాలేజీ జట్లకు చాలా ఏళ్ళు కోచింగ్ ఇచ్చాక నాకు కుదురుకున్న లెక్క వేరు. ఒక మార్పు మంచిదా కాదా అని చూడాలంటే, లోపలికి ఎవరొచ్చారన్నది రెండో సంగతి. ఆ మార్పు వల్ల అవతలి కోచ్ తన మనుషుల్లో ఎవరిని బయటికి తీయాల్సి వచ్చిందన్నది మొదటి సంగతి. అవతలివాడు ఏమీ మార్చుకోనక్కరలేకపోతే, మీరు మీ జట్టును కదిపి అతనికి విశ్రాంతి ఇచ్చినట్టే.

క్రికెట్ అలవాటు మన బుర్రలో ఎంత లోతుగా ఉందంటే, బాస్కెట్‌బాల్ లైనప్‌ను కూడా తుది జట్టు ప్రకటనలాగే చూస్తాం. క్రికెట్‌లో పదకొండు మందిలో లేనివాడు మామూలుగా ఇక బ్యాటు పట్టలేడు. బాస్కెట్‌బాల్‌లో అలా కాదు. సబ్‌స్టిట్యూషన్లకు లెక్కే లేదు, 48 నిమిషాల్లో ఎవరైనా ఎన్నిసార్లయినా రావచ్చు. మొదటి అయిదుగురిలో ఉన్నవాడు ఆరు నిమిషాలు ఆడి మళ్ళీ కనబడకపోవచ్చు. ఏ నిమిషాల్లో, ఎవరి ఎదురుగా ఎవరున్నారన్నదే అసలు ఆట. మన దగ్గర పొద్దున ఆరు, ఆరున్నరకి ఫైనల్స్ మొదలవుతాయి. తొమ్మిదిన్నర కల్లా వాట్సాప్ గ్రూపుల్లో కోచ్ ఉద్యోగం పీకేసి ఉంటారు. ఆ తిట్లలో సగం స్టార్టింగ్ ఫైవ్ గురించే.

ఇక 2015 సంగతి. కొంచెం వివరంగానే చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్క సిరీస్ సరిగ్గా అర్థమైతే మిగతావి తేలిక.

గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆ ఏడాది లీగ్ దశలో 67 గెలిచి 15 ఓడింది. కెర్‌కు కోచ్‌గా అది మొదటి సంవత్సరం. ఎదురుగా లెబ్రాన్ జేమ్స్ ఉన్న క్లీవ్‌లాండ్ కావలియర్స్. వాళ్ళ కెవిన్ లవ్ మొదటి రౌండ్‌లోనే భుజం గాయంతో జట్టుకు దూరమయ్యాడు. కైరీ ఇర్వింగ్ ఫైనల్స్ గేమ్ 1లో మోకాలిచిప్ప విరగ్గొట్టుకున్నాడు. ఇద్దరు స్టార్లు లేని జట్టు గేమ్ 2ను ఓవర్‌టైమ్‌లో 95-93తో, గేమ్ 3ని 96-91తో గెలిచి 2-1 ఆధిక్యంలోకి వెళ్ళింది. ఆ స్కోర్లు చూడండి. కోచ్ డేవిడ్ బ్లాట్ ఆటను కావాలని నెమ్మదింపజేశాడు. లెబ్రాన్ బంతి పట్టుకుని షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఇచ్చే 24 సెకన్ల గడువు) మీద సెకన్లు కరిగించేవాడు. ఏడడుగుల టిమొఫే మోజ్గోవ్, ట్రిస్టన్ థాంప్సన్ బాస్కెట్ కింద నిలబడి రీబౌండ్లు, అంటే తప్పిన షాట్ల బంతులు, లాగేవారు. పరుగెత్తి ఆడే వారియర్స్ నడవాల్సి వచ్చింది.

క్లీవ్‌లాండ్ డిఫెన్స్‌తో మరో చిక్కు. వారియర్స్ స్టార్ షూటర్ స్టెఫ్ కరీకి తోటివాడు స్క్రీన్ పెట్టగానే (కాసేవాడికి అడ్డంగా నిలబడగానే) ఇద్దరు అతని మీద పడేవారు. ఇద్దరు పడ్డారంటే బంతి తోటివాడికి ఇచ్చేస్తే చాలు, మిగతా చోట నలుగురికి ముగ్గురే ఉంటారు. మామూలుగా అది పండగ. కానీ ఆ నలుగురిలో ఒకడు ఆండ్రూ బోగట్. మంచి డిఫెండర్, మంచి పాసర్, అయితే బయటి నుంచి షాట్ వేయడు. కాబట్టి అతన్ని కాయాల్సిన మోజ్గోవ్ అతన్ని వదిలేసి బాస్కెట్ కిందే కాపలా ఉండొచ్చు. నలుగురికి ముగ్గురు అన్న లెక్క కాగితం మీదే మిగిలింది.

గేమ్ 4కి ముందు కెర్ దగ్గర పనిచేసే నిక్ యురెన్ అనే 28 ఏళ్ళ సహాయకుడు పాత వీడియోలు చూస్తూ కూర్చున్నాడు. లెబ్రాన్ అంతకుముందు ఏడాది మయామిలో ఉండగా శాన్ ఆంటోనియో స్పర్స్ అతని జట్టును ఎలా ఓడించిందన్నది అతని వెతుకులాట. 2014 ఫైనల్స్ 1-1 దగ్గర ఉన్నప్పుడు గేమ్ 3లో స్పర్స్ కోచ్ గ్రెగ్ పొపోవిచ్ పొడగరి టియాగో స్ప్లిటర్‌ను తీసి బోరిస్ డియావ్‌ను మొదటి అయిదుగురిలో పెట్టాడు. డియావ్ బరువైన మనిషి, కానీ బంతి పంచడంలో ఆట నడిపే గార్డులకు తీసిపోడు. ఆ ఆట మొదటి సగంలో స్పర్స్ తన షాట్లలో 75.8 శాతం దించి 71 పాయింట్లు చేసింది, ఆ శాతం ఫైనల్స్ రికార్డు. ఆ తర్వాత మయామి ఒక్క ఆటా గెలవలేదు. గేమ్ 5 నాటికి మయామి కోచ్ స్పోల్‌స్ట్రా తన స్టార్టింగ్ ఫైవ్‌ను మార్చి రే అలెన్‌ను దింపాల్సి వచ్చింది. యురెన్ ఇది చూసి తెల్లవారుజామున మూడింటికి కెర్‌కు మెసేజ్ పెట్టాడు, బోగట్ బదులు ఇగ్వొడాలా అని. కెర్ స్పర్స్‌లో పొపోవిచ్ కింద ఆడిన మనిషే కాబట్టి ఆ ఆలోచన అతనికి పరాయిది కాదు. ఆటకు ముందు విలేఖరులు అడిగితే లైనప్ మారదన్నట్టే చెప్పాడు. అబద్ధం చెప్పానని ఆట అయ్యాక తనే ఒప్పుకున్నాడు.

ఇక్కడ మన అభిమానులు మర్చిపోయే ముక్క ఒకటుంది. మార్పు మొదలవగానే పనిచేయలేదు. క్లీవ్‌లాండ్ 7-0తో మొదలుపెట్టింది. కెర్ టైమౌట్ తీసుకున్నాడు. ఆ నిమిషంలో ఒక ఓటు పెట్టి ఉంటే కెర్ ఓడిపోయేవాడు. అయినా కంగారుపడి బోగట్‌ను వెంటనే వెనక్కి పిలవకుండా అతను పొట్టి అయిదుగురితోనే సాగాడు. ఆట 103-82తో ముగిసింది. కరీ 22, ఇగ్వొడాలా 22.

ఇప్పుడు నా అసలు విషయం. అదే గేమ్ 4లో మోజ్గోవ్ ఎన్ని పాయింట్లు వేశాడో తెలుసా? 28. పది రీబౌండ్లు కూడా. అవతల తనంత ఎత్తు మనిషి లేడు కాబట్టి చేతికందినన్ని వేశాడు. మామూలు లెక్కలో కెర్ మార్పు విఫలమైనట్టే కదా, ఎవరిని ఆపాల్సిన బోగట్‌ను తీసేశాడో అతనే 28 కొట్టాడు. అయినా అతని జట్టు 21 తేడాతో ఓడింది. ఎందుకంటే రెండో వైపు మోజ్గోవ్ ఎవరిని కాయాలి? ఇగ్వొడాలా వెనక త్రీ-పాయింట్ గీత (దాని బయటి నుంచి వేసిన షాట్‌కు మూడు పాయింట్లు, దాన్నే త్రీ అంటారు) దాకా పరుగెత్తాలి, లేదా వారియర్స్ ఆటగాడు డ్రేమండ్ గ్రీన్ బంతి పట్టుకుని దూసుకొస్తుంటే ముందుకు రావాలి. ఏది చేసినా బాస్కెట్ కింద ఖాళీ. నలుగురికి ముగ్గురు అన్న లెక్క ఇప్పుడు నిజంగా నలుగురికి ముగ్గురే.

బ్లాట్ ఏం చేశాడు? గేమ్ 5లో మోజ్గోవ్‌ను 9 నిమిషాలే ఆడించాడు. ముందు ఆటలో 28 వేసినవాడిని! తనూ పొట్టి జట్టుతో దిగాడు. లెబ్రాన్ ఒంటిచేత్తో 40 పాయింట్లు వేసినా కరీ 37తో వారియర్స్ 104-91తో గెలిచింది. గేమ్ 6లో మోజ్గోవ్‌ను మళ్ళీ ఎక్కువసేపు ఆడించాడు, అప్పటికే ఆలస్యం. 105-97. అంటే కెర్ మార్పు ఇగ్వొడాలాను లోపలికి తెచ్చినందుకు కాదు, బ్లాట్ చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధాన్ని అతని చేతులతోనే కింద పెట్టించినందుకు గొప్పది. పరుగు ఆటకు తగిన మనుషులు క్లీవ్‌లాండ్ బెంచ్ మీద లేరు. కెర్‌కు అది ముందే తెలుసు. ఇది అదృష్టం కాదు.

మీ స్నేహితుడి మాటలో నిజం లేదని కూడా అనను. కైరీ, లవ్ ఇద్దరూ ఉండి ఉంటే బ్లాట్‌కు పొట్టి ఆట ఆడే దారి ఉండేది. గేమ్ 4లో క్లీవ్‌లాండ్ 27 త్రీలు వేసి 4 మాత్రమే దించింది. ఆ సంఖ్యలో డిఫెన్స్ ఎంతో, అలసిన కాళ్ళు అంతే. గేమ్ 3లో 20 పాయింట్లతో హీరో అయిన డెల్లవెడోవా ఆట అవగానే ఒళ్ళు డీలా పడి ఆసుపత్రికి వెళ్ళాడు. ఏడెనిమిది మందితో సిరీస్ నడుపుతున్న జట్టు మీద వేగం పెంచడమంటే వాళ్ళ ఊపిరి మీద దాడి చేయడమే. మార్పు లేకపోయినా వారియర్స్ గెలిచేదా? గెలిచి ఉండొచ్చు, ఇంకో ఆట ఎక్కువ పట్టేదేమో. ఆ వాదన తెగదు. మార్పు సరైనదా అన్న ప్రశ్న మాత్రం తెగుతుంది.

ఇంకో మాట, లైనప్ చర్చల్లో ఎవరూ పట్టించుకోనిది. ఇగ్వొడాలా ఆ సీజన్‌కు ముందు తన కెరీర్‌లో ఆడిన 758 మ్యాచ్‌లలోనూ స్టార్టరే. కెర్ వచ్చి హారిసన్ బార్న్స్ అనే ఆటగాడి కోసం అతన్ని బెంచ్ మీద కూర్చోమన్నాడు. కూర్చున్నాడు. సీజన్ అంతా, ప్లేఆఫ్స్‌లో మూడు రౌండ్లూ, ఒక్కసారి కూడా మొదటి అయిదుగురిలో లేడు. ఫైనల్స్ గేమ్ 4లో పిలిస్తే వచ్చి ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. బోగట్ వైపు నుంచి కూడా ఆలోచించండి. ఏడాదంతా స్టార్టర్, ఫైనల్స్‌లో దాదాపు మాయం. మా కాలేజీ కుర్రాళ్ళలో అయితే ఇలాంటి మార్పు తర్వాత రెండు రోజులు మాటలుండవు, ఒక్కోసారి వాళ్ళ నాన్నగారు కూడా గ్రౌండ్‌కి వస్తారు. డగౌట్‌లో అలకలు పుట్టకుండా ఇలాంటి మార్పు చేయగలగడం కెర్‌కు ఆ రాత్రికి రాత్రి వచ్చిన విద్య కాదు, అక్టోబరు నుంచి కూడబెట్టుకున్నది. "ఫలానావాణ్ణి తీసెయ్యాల్సింది" అని రాసే ముందు ఆ జట్టులో అది మింగుడుపడే మాటేనా అని కూడా చూడాలి.

2011 చూస్తే నా లెక్క ఇంకా స్పష్టంగా కనబడుతుంది. డాలస్ మావరిక్స్, మయామి హీట్. లెబ్రాన్, వేడ్, బాష్ అనే ముగ్గురు స్టార్లూ మయామిలో కలిసిన మొదటి ఏడాది. మయామి 2-1 ముందుంది. డాలస్ కోచ్ రిక్ కార్లైల్ గేమ్ 4లో డిషాన్ స్టీవెన్సన్‌ను బెంచ్‌కు పంపి జె.జె. బరేయాను మొదటి అయిదుగురిలో పెట్టాడు. బరేయా ఆ లీగ్‌లో అందరికంటే పొట్టివాళ్ళలో ఒకడు, అప్పటిదాకా ఆ సిరీస్‌లో అతని షాట్లు సరిగ్గా పడటం లేదు. షాట్లు పడనివాడికి ప్రమోషనా? డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో అనే ఊళ్ళలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. అప్పట్లో అక్కడున్న నా మిత్రుడొకడు ఆ పొద్దున ఫోన్‌లో కార్లైల్‌కు మతిపోయిందనే అన్నాడు.

కార్లైల్ చూసింది బరేయా షాట్లను కాదు, అతన్ని ఎవరు కాస్తారన్నది. మయామి స్టార్టింగ్ ఫైవ్‌లో పాయింట్ గార్డు మైక్ బిబ్బీ, అప్పటికే వయసు మీదపడి కాళ్ళు నెమ్మదించినవాడు. స్టీవెన్సన్ ఉంటే బిబ్బీ హాయిగా మూలన అతని పక్కన నిలబడేవాడు. బరేయా వస్తే మయామిలో ఎవరో ఒకరు ప్రతిసారీ పరుగెత్తి అతన్ని ఆపాలి. బిబ్బీ ఆపలేడు, వేడో లెబ్రానో ఆపితే వాళ్ళ కాళ్ళు అరుగుతాయి. పైగా స్టీవెన్సన్ బెంచ్ నుంచి వచ్చి త్రీలు వేయడం మొదలుపెట్టాడు. గేమ్ 4 డాలస్ 86-83తో గెలిచింది, జ్వరంతో ఆడిన డర్క్ నొవిట్స్‌కీ దయవల్ల. లెబ్రాన్ ఆ రాత్రి 8 పాయింట్లే. బరేయా ఆ ఆటలో పెద్దగా ఏమీ వేయలేదు, అందుకే ఆ గెలుపును ఎవరూ అతని ఖాతాలో రాయలేదు. గేమ్ 5లో 17 వేశాడు. గేమ్ 6కి మయామి కోచ్ స్పోల్‌స్ట్రా బిబ్బీని పక్కన పెట్టేసి మరో గార్డు చాల్మర్స్‌తో మొదలుపెట్టాడు. సీజన్ చివరి ఆటలో స్టార్టర్‌ను మార్చుకోవాల్సి వచ్చిందంటే అవతలి కోచ్ ఎక్కడ గుచ్చాడో అర్థమవుతుంది కదా. డాలస్ 105-95తో టైటిల్ గెలిచింది.

ఇప్పుడు మీ రెండో ఉదాహరణ, 2016. కెర్‌ను నేను సమర్థించడం లేదు, కానీ జనం తిట్టే కారణంతో తిట్టను.

వారియర్స్ ఆ ఏడాది 73-9. ఫైనల్స్‌లో 3-1 ఆధిక్యం. గేమ్ 5కి గ్రీన్ సస్పెన్షన్, ఆ ఆటలోనే బోగట్ మోకాలికి గాయం, ఇక రాడు. గేమ్ 6లో కెర్ చేసింది ఏమిటి? 2015లో పనిచేసిన మందే మళ్ళీ వేశాడు. బోగట్ స్థానంలో ఇగ్వొడాలా, గ్రీన్ సెంటర్ (బాస్కెట్ కింద ఉండే, మామూలుగా పొడగరి ఆడే స్థానం). మొదటి క్వార్టర్ ముగిసేసరికి క్లీవ్‌లాండ్ 31, వారియర్స్ 11. ఇగ్వొడాలా నడుము పట్టేసి వంగలేక ఆడుతున్నాడు. గేమ్ 7లో కెర్ ఎజీలీతో మొదలుపెట్టడానికి వెనక ఈ కథంతా ఉంది. "పొట్టి అయిదుగురితో దిగి ఉంటే గెలిచేవాళ్ళం" అనేవాళ్ళు మూడు రోజుల ముందు ఆటను చూడలేదో, చూసి మర్చిపోయారో.

ఆ అయిదుగురు అదే అయిదుగురు, మరి పదును ఏమైంది? హారిసన్ బార్న్స్ చివరి మూడు ఆటల్లో కలిపి 32 షాట్లు వేసి 5 మాత్రమే దించాడు. పొట్టి జట్టు బలం అంతా అయిదుగురినీ కాయక తప్పకపోవడంలో ఉంది. ఒకణ్ణి వదిలేయొచ్చని తేలిందా, బోగట్ లోపల ఉన్నప్పటి ఇబ్బందే తిరిగి వచ్చింది, ఎత్తు మాత్రం రాలేదు. పైగా 2015లో ఎదురుగా మోజ్గోవ్ ఉన్నాడు, 2016లో క్లీవ్‌లాండ్ సెంటర్ ట్రిస్టన్ థాంప్సన్. అతను బయటికొచ్చి కరీ ముందు కూడా నిలబడగలడు. కొత్త కోచ్ టైరన్ లూ ఎవరినీ బయటికి తీయాల్సిన అవసరం లేదు. మందు అదే, రోగం వేరు.

సరే, ఎజీలీ అయినా లూ చేత ఏమైనా మార్పించాడా? లేదు. ఎజీలీ షాట్ వేయలేడు, నాలుగు వేస్తే ఒక్కటీ పడలేదు. నా అసలు ఫిర్యాదు మొదటి అయిదుగురి గురించి కాదు. నాలుగో క్వార్టర్ సగం దాటాక, వారియర్స్ నాలుగు పాయింట్ల ముందున్నప్పుడు, కెర్ ఎజీలీని లోపల ఉంచాడు. స్క్రీన్ మీద స్విచ్ అయ్యి (కాసేవాళ్ళు తమ మనుషులను మార్చుకుని) ఎజీలీ త్రీ-పాయింట్ గీత దగ్గర లెబ్రాన్‌కు ఎదురుపడ్డాడు. లెబ్రాన్ షాట్ వేస్తున్నట్టు ఊపితే ఎజీలీ ఎగిరి ఫౌల్ చేశాడు, మూడు ఫ్రీ త్రోలు. తర్వాతిసారి బంతి చేతికొచ్చినప్పుడు అతని మీదుగానే ఒక త్రీ. నాలుగు పాయింట్ల ఆధిక్యం రెండు పాయింట్ల లోటైంది. కాసేపటికి 89-89, ఆ తర్వాత చివరి నాలుగున్నర నిమిషాలూ వారియర్స్ ఒక్క పాయింటూ చేయలేదు. 93-89. ఇక్కడ బెంచ్ మీద ఎవరున్నా, వాళ్ళ అలసట ఎంతైనా, ఎజీలీ ఉండకూడదు. ఆ తప్పు ఆట ముందే తెలిసే తప్పు, ఫలితం చూసి చెప్పేది కాదు, ఎందుకంటే లెబ్రాన్ ఆ సిరీస్ అంతా అదే పని చేస్తున్నాడు, నెమ్మదైన మనిషిని స్విచ్‌లోకి లాగి ఆడుకోవడం.

అదే సిరీస్‌లో లూ వైపు చూడండి. కెవిన్ లవ్ తలకు దెబ్బ తగిలి గేమ్ 3 ఆడలేదు, అతను లేకుండా క్లీవ్‌లాండ్ పెద్ద తేడాతో గెలిచింది. ఇక లవ్‌ను తీసేయమని ఎంత గోల! లూ గేమ్ 4లో అతన్ని బెంచ్ నుంచి తెచ్చాడు, ఓడాడు, గేమ్ 5లో మళ్ళీ స్టార్టర్‌ను చేశాడు. గేమ్ 7లో లవ్ 14 రీబౌండ్లు తీశాడు. చివరి నిమిషంలో కైరీ త్రీ తర్వాత కరీ ఎదురుగా స్విచ్‌లో పడింది కూడా లవ్‌యే, కరీని షాట్ తప్పేలా చేశాడు. లవ్ పేరును అభిమానులు రాసుకున్న లైనప్‌లలో అప్పుడు ఎక్కడా చూసిన గుర్తు లేదు.

ఆట చివరి సెకన్ల నిర్ణయాలకు నా లెక్క పూర్తిగా వర్తించదు. అక్కడ అవతలివాడికి సమాధానం వెతికే సమయం ఉండదు. 2013 గేమ్ 6 గురించి కూడా అడిగారు కాబట్టి చెబుతాను. మయామి మీద స్పర్స్ 3-2 ముందుంది, ఈ ఆట గెలిస్తే టైటిల్. 28 సెకన్లు మిగిలి ఉండగా 94-89. పొపోవిచ్ తన పొడగరి స్టార్ టిమ్ డంకన్‌ను బయట కూర్చోబెట్టాడు. లెబ్రాన్ త్రీ తప్పాడు, రీబౌండ్ మయామికే, మళ్ళీ త్రీ, పడింది. స్పర్స్ ఆటగాడు లెనార్డ్ రెండు ఫ్రీ త్రోలలో ఒకటే దించాడు, 95-92. మళ్ళీ డంకన్ బయటే. లెబ్రాన్ త్రీ తప్పాడు, బాష్ రీబౌండ్, మూలకు వెనక్కి అడుగులు వేసిన రే అలెన్‌కు పాస్, 5.2 సెకన్లు ఉండగా సమం. ఓవర్‌టైమ్‌లో మయామి, గేమ్ 7లో మయామి.

ఇప్పటికీ అందరూ అనేది ఒకటే, డంకన్ ఉంటే ఆ రీబౌండ్ వచ్చేది. వచ్చేదేమో. కానీ మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నప్పుడు మిమ్మల్ని చంపగలిగేది త్రీ ఒక్కటే. అయిదుగురూ అన్ని స్క్రీన్ల మీదా స్విచ్ అయ్యే జట్టు కావాలి, డంకన్ నెమ్మది. ఆ మేరకు పొపోవిచ్ లెక్క సరైనదే. రెండుసార్లూ లెబ్రాన్ మొదటి త్రీ తప్పాడు కదా, అంటే లెక్క తన పని చేసింది. పోయింది తర్వాతి పని. షాట్ తప్పిన మరుక్షణం బాష్‌ను వెనక్కి నెట్టి నిలబడాల్సిన మనిషి ఎవరో తేల్చలేదు. నన్నడిగితే మొదటిసారి డంకన్‌ను తీయడం ఒప్పు. మొదటిసారి రీబౌండ్ పోయాక కూడా రెండోసారి అదే అయిదుగురి రకాన్ని పంపడం తప్పు. ఇంకో సంగతి ఎవరూ ఎత్తరు. స్పర్స్ ఆటగాళ్ళు జినోబిలి, లెనార్డ్ ఆ చివరి అరనిమిషంలో చెరో ఫ్రీ త్రో తప్పారు. ఆ రెండూ పడి ఉంటే డంకన్ ఎక్కడున్నాడో ఎవరికీ గుర్తుండేది కాదు.

2025 ఫైనల్స్ మీకు తాజాగా గుర్తుండి ఉంటాయి. ఓక్లహోమా సిటీ లీగ్ దశలో 68 గెలిచిన జట్టు, ప్లేఆఫ్స్ అంతా హోమ్‌గ్రెన్, హార్టెన్‌స్టైన్ అనే ఇద్దరు పొడగరులతో మొదలుపెట్టింది. ఫైనల్స్‌లో ఎదుటి జట్టు ఇండియానా వేగం చూసి ఓక్లహోమా కోచ్ మార్క్ డేగ్‌నాల్ట్ గేమ్ 1లోనే హార్టెన్‌స్టైన్‌ను తీసి కేసన్ వాలెస్‌ను పెట్టాడు. ఇండియానా గార్డు హాలిబర్టన్ 0.3 సెకన్లు ఉండగా వేసిన షాట్‌తో ఇండియానా 111-110తో గెలిచింది. "గెలుస్తున్న జట్టును ఎందుకు కదిపాడు" అని అందరూ డేగ్‌నాల్ట్ మీద పడ్డారు. ఆ ఆటలో ఇండియానా ముందున్నది ఆ చివరి క్షణం ఒక్కటే, కాబట్టి ఆ ఓటమిని లైనప్ మీద రుద్దడం అన్యాయం. కానీ నా ప్రశ్న వేసి చూస్తే ఆ మార్పులో లోటు కనబడుతుంది. దాని వల్ల ఇండియానా ఎవరిని బయటికి తీసింది? ఎవరినీ కాదు. ఇండియానా కోచ్ ఎవరో గమనించారా, ఆ 2011 కార్లైలే. ఆయన సిరీస్ అంతా అదే అయిదుగురితో మొదలుపెట్టాడు. ఎదుటివాడే తన ఎత్తు వదులుకుని తమ వేగంలోకి వస్తుంటే కదలాల్సిన పనేముంది?

1-2తో వెనకబడ్డాక గేమ్ 4లో డేగ్‌నాల్ట్ హార్టెన్‌స్టైన్‌ను వెనక్కి తెచ్చాడు. ఆ ఆటలో ఓక్లహోమా త్రీలు మొత్తం 17 వేసి 3 మాత్రమే దించింది. ఈ రోజుల్లో అలా వేసి గెలవడం అరుదు. అయినా 111-104తో గెలిచింది, షే గిల్జస్-అలెగ్జాండర్ 35 పాయింట్లు, అందులో 15 చివరి అయిదు నిమిషాల్లో. గెలిపించింది షే, సందేహం లేదు. కానీ షాట్లు పడని రాత్రి ఆటలో నిలబడాలంటే రెండో అవకాశాలు, బాస్కెట్ దగ్గర బరువు కావాలి, అవి పొడగరుల నుంచే వస్తాయి. చివరికి టైటిల్ గేమ్ 7లో తేలింది, హాలిబర్టన్ మొదటి క్వార్టర్‌లోనే కాలి మడమ దగ్గరి స్నాయువు తెగి పడిపోయాక. ఆ ఆట నుంచి లైనప్ పాఠాలు తీసేవాళ్ళను నేను నమ్మను.

ఇక మీ వాదన సంగతి. మీ స్నేహితుడితో స్కోర్లు, ఎంవీపీలు మాట్లాడకండి, అక్కడ అదృష్టం ఎప్పుడూ ఆయన వైపే ఉంటుంది. 2015 గేమ్ 4, గేమ్ 5 ఇద్దరూ కలిసి మళ్ళీ చూడండి, బంతిని వదిలేసి మోజ్గోవ్‌నే చూడండి. గేమ్ 4లో అతను వేసే ప్రతి బాస్కెట్ తర్వాత వెనక్కి వచ్చి ఎవరిని కాయాలో తెలియక గీతకీ బాస్కెట్‌కీ మధ్య ఎక్కడ ఆగిపోతున్నాడో గమనించండి. గేమ్ 5లో బ్లాట్ అతన్ని ఎంత త్వరగా కూర్చోబెట్టాడో గడియారం చూసి రాసుకోండి. అప్పటికి కూడా అదృష్టం అంటే, 2011 గేమ్ 6 పెట్టి బిబ్బీని వెతకమనండి.